సవరల పంతులు: గిడుగు వేంకట రామమూర్తి గారు

ప్రతి సంవత్సరం ఆగస్టు 29వ తేదీన తెలుగునాట పాఠశాలల్లో, కళాశాలల్లో ఒక చిత్రపటానికి పూలమాల వేసి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఆనవాయితీగా వస్తున్నది. మన రాష్ట్రంలో 2014 నుండి సెప్టెంబరు 9న కాళోజీ జన్మదినాన్ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అయినా ఆగస్టు 29ని కూడ విస్మరించలేదు. ఆనాటి చిత్రపటంలోని వ్యక్తి కీర్తిశేషులు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని మా విద్యార్థులు వేదిక మీద తడుముకోకుండా చెప్పగలరు. అంతకుమించి చెప్పగలిగినవారు అరుదు.

గత సంవత్సరం అటువంటి సభ ముగిసిన తరువాత మొదటి సంవత్సరం చదివే విద్యార్థి ఒకడు వరండాలో మమ్ములను ఆపి ఒక సందేహం అడిగాడు. ఇంట్లో మాట్లాడే భాషలోనే పుస్తకాలు ఉండాలని గిడుగు వారు పోరాడారు గదా, మా ఇంట్లో దక్కనీ మాట్లాడుతాము, మరి మా పుస్తకం ఏది సార్ అన్నాడు. ఆ క్షణంలో మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగించలేదు. ఇంటికి పోయి గిడుగు వారి జీవితాన్ని మరల మొదటి నుండి చదువుకున్నాము. ఆ విద్యార్థి సందేహానికి సమాధానం వ్యావహారిక భాషావాదంలో కాక, దానికి ముందు ఆయన కొండల్లో చేసిన పనిలో ఉన్నదని తోచింది. అందుచేత ఈ వ్యాసంలో ఆ భాగాన్ని విస్తరించి, తక్కినదానిని సంగ్రహంగా చెప్పదలచినాము.

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. నాడు గంజాం జిల్లాలో ఉండిన ఆ ప్రాంతం నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. తండ్రి వీర్రాజు గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో ఆయన మరణించడంతో పన్నెండేళ్ళ బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట చేరి అక్కడి ఉన్నత పాఠశాలలో చదువుకోవలసి వచ్చింది. ఆ పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ముందుముందు తెలుగు వచనం నడకను మార్చబోయే ఇద్దరు పిల్లలు ఒకే బడిలో చదువుకోవడం విజయనగరానికి దక్కిన అదృష్టం.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు ముప్పది రూపాయలు. బోధించే విషయం చరిత్ర. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., బి.ఎ. పరీక్షలు ఉత్తీర్ణులైనారు. ఆ పాఠశాల కళాశాల అయిన తరువాత ఆయన కూడ పై తరగతులకు పాఠం చెప్పారు. సెలవు దొరికితే ముఖలింగ దేవాలయానికి పోయి, గోడల మీది శాసనాల ప్రాచీన లిపిని ఎవరి సహాయం లేకుండా పుస్తకాలు ముందు పెట్టుకొని చదవడం నేర్చారు. తెలియని అక్షరాన్ని చూస్తే ఊరుకోలేని స్వభావం ఆయనది. ఈ స్వభావమే ఆయనను కొండలు ఎక్కించింది.

పర్లాకిమిడి పట్టణాన్ని ఆనుకొని ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. పోడు వ్యవసాయం వారి జీవనాధారం. వారి భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని చుట్టం కాదు. సంతాలీ, ముండారీ మొదలైన భాషలు చేరిన ముండా కుటుంబానికి చెందినది. నాడు దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. కచేరీలో వ్యవహారం వస్తే దుబాసీ చెప్పిందే సవర చెప్పినట్లు. సంతలో బేరం కుదిరితే షావుకారు వ్రాసుకున్నదే లెక్క. అక్షరం లేనివాని బ్రతుకు అక్షరం ఉన్నవాని దయ మీద ఆధారపడి ఉండటాన్ని చరిత్ర పంతులు రోజూ కళ్ళారా చూశారు. వారికి చదువు చెప్పాలని సంకల్పించారు.

ఈ సంకల్పం కలిగినవారు అంతకుముందు లేకపోలేదు. అందరూ తమకు వచ్చిన భాషలో బడి పెట్టి, పిల్లలు రావడం లేదని నిందించి ఊరుకునే తరహావారు. గిడుగు వారు తాము విద్యార్థి కావడంతో పని ప్రారంభించారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని, ఆయన దగ్గర సవర భాష అభ్యసించారు. ఇది ఒక వేసవిలో తీరిన పని కాదు. చాలా సంవత్సరాలు పట్టింది. ఆ భాషలో మాట మధ్యలో గొంతు పట్టి విడిచినట్లు వినిపించే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. తెలుగులో రెండు మూడు మాటలుగా చెప్పవలసిన భావాన్ని సవరలు క్రియలోనే కర్మను ఇమిడ్చి ఒక పొడుగాటి మాటగా చెప్పగలరు. ఇటువంటి భాషను నన్నయ వ్యాకరణంతోనో, పాణిని సూత్రాలతోనో పట్టుకోవాలంటే కుదరదు. చెవితో పట్టుకోవాలి. కనుకనే ఆయన ఆధునిక భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని, ధ్వనులను వినే విధానం, వ్రాసుకునే విధానం స్వయంగా నేర్చుకున్నారు.

ఆ చెవికే ముప్పు వచ్చింది. మన్యంలో తిరిగేవారిని మలేరియా వదలదు. జ్వరం వచ్చినప్పుడల్లా క్వినైన్ మింగవలసి వచ్చేది. ఆ మందు ప్రభావంతో గిడుగు వారి వినికిడి తగ్గి, క్రమంగా చెవుడు శాశ్వతమైంది. పరుల మాటను విని వ్రాయడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్న పెద్ద నష్టం ఏమి ఉంటుంది? భాషోద్యమం నాటి సభల్లో ప్రత్యర్థుల మాట ఆయనకు సరిగా వినిపించేది కాదని తెలిసినప్పుడు చాలామంది నవ్వుతారు. ఆ చెవుడు ఎక్కడ తెచ్చుకున్నారో తెలిస్తే నవ్వరు.

సవరల చదువుకు కావలసిన సామగ్రిని ఆయన ఒక్కరే సమకూర్చుకున్నారు. మొదట పుస్తకం. సవర పిల్లవాడు తన ఇంట్లో వినే మాటలతోనే మొదలయ్యే వాచకాలు, సవరల కథలు, పాటలు తెలుగు లిపిలో సిద్ధం చేశారు. కొత్త లిపి కల్పించి పిల్లవాని మీద మరొక బరువు వేయలేదు. సంతలో, కచేరీలో కనిపించే తెలుగు అక్షరాలతోనే అతని మాటను వ్రాసి చూపారు. అక్షరం తెలిసిన నాడు తన మాటను చదువుకోగలడు, ఊరి బోర్డును కూడ కూడబలుక్కోగలడు. ఇందులోని బోధనా దృష్టి నేటి శిక్షణ కళాశాలల్లో చెప్పే పాఠాలకు ఏమాత్రం తీసిపోదు.

తరువాత బడి. ప్రభుత్వ సహాయం కోసం కనిపెట్టుకొని కూర్చోక సొంత డబ్బుతో బడులు పెట్టారు. పంతుళ్ళ జీతాలు తామే చెల్లించారు. ముప్పది రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టిన సంసారి సొమ్ము అది. ఆయన సవర భాషా కృషిని మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, ఆ ధనంతో సవరలకు ఒక మంచి బడి పెట్టవలసిందని, పుస్తకాలు తాము వ్రాసి ఇస్తామని కోరినట్లు ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. ఆ బిరుదును ఆయన పేరు ముందు తగిలించి పిలిచేవారు తక్కువ. పంతులు గారు అనే పిలుపే నిలిచింది.

అన్నిటికన్న కష్టమైనది ఉపాధ్యాయుడు. పుస్తకం అచ్చు వేయవచ్చు, పాక వేయవచ్చు. సవర భాషలో పాఠం చెప్పగల పంతులు ఎక్కడ దొరుకుతాడు? పల్లపు ప్రాంతం నుండి వచ్చిన పంతులుకు అక్షరం తెలుసు, భాష తెలియదు. కొండ మీది యువకునికి భాష తెలుసు, అక్షరం తెలియదు. ఒకరికి భాష నేర్పడమో, మరొకరికి అక్షరం నేర్పడమో జరిగితే తప్ప బడి నడవదు. గిడుగు వారు వ్యాకరణం, నిఘంటువు తలకెత్తుకున్నది పాండిత్య ప్రకర్ష కోసమని కొందరు అనుకోవచ్చు. మా అభిప్రాయం వేరు. కొండల్లోకి పోయే ఉపాధ్యాయుని చేతిలో పెట్టడానికి ఆ రెండు గ్రంథాలకు మించిన సాధనం లేదు. వ్యాకరణం లేనిదే పరభాషీయుడు భాష నేర్వలేడు. నిఘంటువు లేనిదే వాచకంలోని మాటకు అర్థం చెప్పలేడు. సుమారు ముప్పది అయిదు సంవత్సరాల శ్రమ తరువాత 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని ప్రచురించింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు కూడ ఆ దశకంలోనే వెలువడింది.

తెలుగు భాషా వివాదంలోకి ఆయన ప్రవేశం ఈ నేపథ్యంలో చూస్తేనే అర్థమవుతుంది. 1906-07 ప్రాంతంలో జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు పిల్లలకు తెలుగు పంతులు తెలుగు పాఠం చెబుతూ, పుస్తకంలోని ప్రతి వాక్యానికి మరల తెలుగులో అర్థం చెప్పడం ఆయనకు వింతగా తోచింది. జనం మాట్లాడే భాషకు, పుస్తకాల భాషకు ఇంత దూరం ఎందుకని అడిగాడు. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. యేట్స్ ప్రోత్సాహంతో వీరు ఉపాధ్యాయ సదస్సుల్లో జీవభాష ప్రయోజనాన్ని గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ సంస్కరణకు అనుగుణంగా వాడుక భాషలో కొన్ని పాఠ్యగ్రంథాలు కూడ వచ్చాయి. అంటే, నేడు మనం సాహిత్య వివాదంగా చదువుకునే ఈ ఉద్యమం మొదట తరగతి గదిలో పుట్టింది, ఉపాధ్యాయ శిక్షణలో పెరిగింది. సవర పిల్లవానికి తెలుగు ఎంత పరాయిదో, తెలుగు రైతు పిల్లవానికి గ్రాంథిక భాష ఇంచుమించు అంత పరాయిదని గిడుగు వారికి తెలుసు. కొండ మీద నేర్చిన పాఠాన్ని ఆయన పల్లానికి తెచ్చారు.

ఆ తరువాతి కథ ప్రసిద్ధమైనదే. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసరచనను ఆధునిక భాషలోనైనా వ్రాయవచ్చునని అనుమతి రావడం, జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పెద్దలు తీవ్రంగా వ్యతిరేకించడం, అనుమతి రద్దు కావడం, గిడుగు వారు పుస్తకాల మూటలు వెంట పెట్టుకొని ఊరూరా తిరిగి పూర్వగ్రంథాల నుండే ప్రమాణాలు చూపడం జరిగాయి. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను ఒక సంవత్సరం నడిపారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గిడుగు వారు దానికి కార్యదర్శి. ఆయన వాదం ఆయన జీవితకాలంలోనే చాలవరకు నెగ్గింది. ఆయన చెప్పినదాని కన్న కొంచెం బరువైన భాషలో మేము ఈ వ్యాసం వ్రాస్తున్నామని మాకు తెలియకపోలేదు. ఎం.ఎ. చదువు అంటించిన అలవాటు అంత సులభంగా వదలదు.

ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉన్నది. గిడుగు వారు కోరినది శిష్టజనుల వ్యావహారికం. ఆచరణలో అది కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటగా స్థిరపడింది. ఆ కాలంలో కొత్తకోట బాలునికి ఈ వివాదంతో నిమిత్తమే లేదు. నిజాం రాజ్యంలో ఉన్నత విద్యకు భాష ఉర్దూ. 1917లో దారుత్తర్జుమా స్థాపించి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఒక భారతీయ భాషలో నెలకొల్పడం విద్యా చరిత్రలో మహత్తరమైన సాహసం. మాతృభాషలో ఉన్నత విద్య సాధ్యమే అని దేశానికి చూపిన ఘనత అది. ఉర్దూ మాతృభాషగా గల మా పూర్వులు దానిని తలచుకొని గర్వించడం న్యాయమే. అయితే అదే రాజ్యంలో వనపర్తి, ఆత్మకూరు, గద్వాల సంస్థానాల తెలుగు రైతు బిడ్డకు ఆ ఉర్దూ సవరకు తెలుగు వంటిదే. ఒకే సంస్కరణ ఒక ఇంట దీపమై, పక్కింట పొగ అయింది. 1956 తరువాత మన ప్రాంతానికి తెలుగు పాఠ్యపుస్తకం వచ్చింది. అందులో పాలమూరు మాట లేదు. దక్కనీ మాట్లాడే పిల్లవాని పరిస్థితి సరేసరి.

ఇక్కడ మా సొంత అనుభవం ఒకటి చెప్పడం అప్రస్తుతం కాదనుకుంటాము. మేము ఇంట్లో దక్కనీ, వీధిలో పాలమూరు తెలుగు మాట్లాడుతూ పెరిగినవారము. నాలుగవ తరగతిలో మా ఊరిని గురించి వ్రాయమంటే, చెరువు కట్ట దాకా తొవ్వ ఉన్నదని, అమ్మలక్కలు ఆ తొవ్వనే కైకిలికి పోతారని వ్రాసినాము. పంతులు గారు రెండు మాటల కింద ఎర్ర సిరాతో గీతలు కొట్టి, పైన దారి, కూలి అని దిద్దారు. ఆయన చెడ్డవారు కారు, శ్రద్ధ గల మనిషి. ఆయనకు శిక్షణలో అట్లాగే నేర్పి ఉంటారు. కాని ఆ రోజు నుండి తెలుగు తరగతిలో మేము మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టినాము. తప్పు లేకుండా వ్రాయడం నేర్చుకున్నాము, తోచినది వ్రాయడం చాలాకాలం మానుకున్నాము.

ఇంతకన్న సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థిని వ్యాసం దిద్దుతూ మేమే ఒక మాట కొట్టివేసినాము. అంగి అనే మాట. చొక్కా అని వ్రాసినాము. ఆ అమ్మాయి పుస్తకం తీసుకొని మౌనంగా పోయింది. మూడు రోజుల తరువాత మాకు గుర్తుకు వచ్చింది, అంగి తెలుగు నిఘంటువులో ఉన్న మాటే. మాకు మా చదువు మరుపు తెచ్చింది. ఆ అమ్మాయిని పిలిచి తప్పు మాదని చెప్పినాము. ఆమె నమ్మిందో లేదో తెలియదు.

వరండాలో అడిగిన విద్యార్థికి ఇప్పుడు మా జవాబు ఇది. నీ పుస్తకం ఇంకా ఎవరూ వ్రాయలేదు. సవరల పుస్తకం కూడ ఒక చరిత్ర పంతులు కూర్చొని వ్రాసేదాకా లేదు. దక్కనీకి, పాలమూరు తెలుగుకు, పాఠ్యపుస్తక తెలుగుకు నడుమ వంతెన వంటి చిన్న పదకోశం ఒకటి తయారు చేయడానికి విశ్వవిద్యాలయం అక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు అనుమతిస్తే, ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి మొదటి సంవత్సరం విద్యార్థుల చేతనే వారి ఇండ్లలోని మాటలు సేకరింపజేయవచ్చు. మన విద్యార్థుల్లో పలువురు రేపు డి.ఎడ్., బి.ఎడ్. శిక్షణకు పోయి చుట్టుపక్కల గ్రామాల బడుల్లో ఉపాధ్యాయులు కాబోయేవారు. వట్టి చేతులతో పోవడం కన్న ఆ పదకోశంతో పోవడం మేలు. అచ్చు ఖర్చు ఎంతవుతుందో మేము విచారించి పెట్టినాము. కమిటీ సమావేశంలో మనవి చేసుకుంటాము.

గిడుగు వారి కడపటి సంవత్సరాలు సుఖంగా గడిచినవి కావు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ విభజనను ఆయన గట్టిగా వ్యతిరేకించారు. యాభై అయిదు సంవత్సరాలకు పైగా నివసించిన ఊరిని, తాము బడులు పెట్టిన కొండలను విడిచి, డెబ్బదిమూడవ ఏట రాజమహేంద్రవరం వచ్చి కాపురం పెట్టారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట, వాడుక భాషను విడువవద్దని చివరిసారి విన్నవించుకున్నారు. సరిగా వారం రోజులకు, జనవరి 22న, కన్ను మూశారు.

ఆయన కుమారులు గిడుగు వేంకట సీతాపతి గారు తండ్రి వద్దనే సవర భాష నేర్చి ఆ కృషిని కొనసాగించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో గిరిజన బాలబాలికలకు మాతృభాషలో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషల్లో వాచకాలు తయారు చేయించింది. వాటిలో సవర ఒకటి. ఆ వాచకాలను తెలుగు లిపిలోనే అచ్చు వేశారు.